నా స్వభావం వల్ల మా పాపకు ఎదుటివారి మనసు అర్థం కాకుండా పోతుందా?

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను, చిన్న విషయానికే టెన్షన్ పడిపోతాను. మావారు అందరితో కలివిడిగా ఉంటారు గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. మొన్న పాప ఇంకో పిల్ల చేతిలోంచి బొమ్మ లాక్కుంది. ఆ పిల్ల ఏడుస్తుంటే జాలిపడకుండా వింతగా చూస్తూ నిలబడింది. తల్లిదండ్రుల స్వభావాన్ని బట్టే పిల్లలకు ఎదుటివారి మనసు అర్థమవుతుందని ఎక్కడో చదివాను. మా వల్లే పాప ఇలా ఉందా? మేమిద్దరం మారాల్సిందేనా?

సమాధానం:

మీ పాప చేసింది ఆ వయసు పిల్లలు చేసే పనే. ముందు ఆ భయం పక్కన పెట్టండి. ఇక మీ స్వభావానికీ పాప ఎదుగుదలకూ సంబంధం ఉందా అంటే, ఉంది. కానీ మీరు ఊహించుకుంటున్నంత సూటిగా లేదు. చిన్నపిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న అడిగే తల్లుల్లో ఎక్కువమంది మీలాగే నెమ్మదస్తులు, ఏం జరిగినా తప్పు తమదేనేమో అని కుమిలిపోయేవాళ్లు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎదుటి మనిషికి నాకున్నవి కాక వేరే కోరికలు, వేరే నమ్మకాలు ఉంటాయని, ఆ నమ్మకాలు ఒక్కోసారి తప్పు కూడా కావచ్చని గ్రహించడాన్ని మనస్తత్వ శాస్త్రంలో థియరీ ఆఫ్ మైండ్ అంటారు. 1978లో ప్రెమాక్, ఉడ్రఫ్ అనే ఇద్దరు పరిశోధకులు, చింపాంజీలకు ఇలాంటి గ్రహింపు ఉందా అని అడుగుతూ ఈ మాట వాడారు. పిల్లల్లో దీన్ని పరీక్షించే పద్ధతి 1983లో విమ్మర్, పెర్నర్ చేతుల మీదుగా వచ్చింది. మాక్సి అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అరలోకి మారుస్తుంది. మాక్సి తిరిగొచ్చి చాక్లెట్ కోసం ముందు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లల్లో చాలామంది ఇప్పుడు చాక్లెట్ ఉన్న అరనే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సికి తెలియదన్న సంగతి వాళ్లకు తట్టదు. ఐదేళ్లు వచ్చేసరికి ఎక్కువమంది సరిగ్గా చెప్తారు. వెల్‌మన్ బృందం 2001లో 178 అధ్యయనాల్ని కలిపి చూస్తే, మూడు నుంచి ఐదేళ్ల మధ్యే ఈ పెద్ద మార్పు జరుగుతుందని తేలింది. మీ పాప సరిగ్గా ఆ మార్పు మొదట్లో ఉంది.

ఈ గ్రహింపు ఒక్కరోజులో ఊడిపడదు. రెపచోలి, గాప్నిక్ 1997లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. పెద్దావిడ పిల్లల ముందు బిస్కెట్ తిని మొహం చిట్లిస్తుంది, బ్రోకలీ అనే కూరగాయ తిని ఆహా అంటుంది. తర్వాత చెయ్యి చాపి "నాకు పెట్టు" అంటుంది. పద్నాలుగు నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెటే ఇస్తారు. పద్దెనిమిది నెలల పిల్లలు బ్రోకలీ ఇస్తారు. అంటే ఆవిడ ఇష్టం వేరు, నా ఇష్టం వేరు అన్నది మాటలు పూర్తిగా రాకముందే మొదలవుతుంది. అభిప్రాయాలు వేరుగా ఉంటాయని, చూడనివాళ్లకు తెలియదని, నమ్మకం తప్పు కావచ్చని ఆ తర్వాత ఒక్కొక్కటిగా తెలుస్తాయి. లోపల ఏడుపు వస్తున్నా పైకి నవ్వవచ్చన్నది వీటన్నిటికంటే ఆలస్యంగా అర్థమవుతుంది.

బొమ్మ సంగతికొస్తే, ఆ పిల్లకూ బొమ్మ కావాలని మీ పాపకు తెలిసే ఉండొచ్చు. తెలిసినా చెయ్యి ఆగదు. కోరికను అణుచుకునే శక్తి కూడా ఈ వయసులోనే ఇంకా తయారవుతూ ఉంటుంది. వింతగా చూస్తూ నిలబడిందని మీరు బాధపడ్డారు. నాకైతే అది మంచి గుర్తుగానే కనిపిస్తోంది. పాప పట్టించుకోకుండా బొమ్మతో వెళ్లిపోలేదు, ఆగి చూసింది. "ఈ పిల్లకు ఏమైంది?" అన్న ప్రశ్న ఆ చూపులో ఉంది. ఆ ప్రశ్నకు పక్కనున్న పెద్దవాళ్లు ఏం చెప్తారన్నదే అసలు విషయం. మీ స్వభావం పనిచేసేది కూడా అక్కడే.

తల్లిదండ్రుల స్వభావం పెంపకం మీద ఎంత ప్రభావం చూపిస్తుందన్న దాని మీద చాలా పని జరిగింది. జే బెల్‌స్కీ 1984లో పెంపకాన్ని మూడు విషయాలు నడిపిస్తాయన్నారు: తల్లిదండ్రుల మనస్తత్వం, పిల్లల సొంత స్వభావం, చుట్టూ ఉన్న ఒత్తిళ్లు, అండదండలు. 2009లో ప్రిన్జీ, ఆయన సహచరులు ముప్పై అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టారు. నలుగురితో సర్దుకుపోయేవాళ్లు, ఆందోళన తక్కువగా ఉండేవాళ్లు పిల్లలతో కాస్త ఎక్కువ ఆప్యాయంగా ఉంటారని, పిల్లల్ని సొంతంగా కాస్త ఎక్కువ చేయనిస్తారని తేలింది. ఆ "కాస్త" అన్నమాటను గుర్తుపెట్టుకోండి. ఆ సంబంధాలన్నీ చిన్నవే. ఇక పెంపకానికీ, పిల్లలు ఎదుటివారి మనసును గ్రహించడానికీ మధ్య ఉన్న సంబంధాన్ని డివైన్, హ్యూజ్ 2018లో తొంభై మూడు అధ్యయనాల నుంచి తీశారు. ఇంట్లో మనసుల గురించి మాట్లాడుకోవడం, పిల్లల మనసును పట్టించుకోవడం, తోబుట్టువులు ఉండడం, ఇంటి ఆర్థిక స్థితి అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ ఏ ఒక్కటీ పిల్లల్ని ఇటో అటో తోసేయగలిగేంత బలమైనది కాదు.

అంటే మీ స్వభావం నుంచి పాప గ్రహింపు దాకా రెండు మెట్లు దాటాలి. స్వభావం మీ ప్రవర్తనలోకి కొంతే వస్తుంది, ఆ ప్రవర్తన పాప మనసులోకి మళ్లీ కొంతే వెళ్తుంది. రెండు మెట్ల మధ్య మీరు చేయగలిగింది చాలా ఉంది.

"అంతా జీన్స్‌లోనే వస్తుందేమో, కోపిష్టి తండ్రికి కోపిష్టి పిల్లే కదా" అని కొందరంటారు. క్లెయిర్ హ్యూజ్, ఆమె సహచరులు 2005లో బ్రిటన్‌లో ఐదేళ్ల వయసున్న 1,116 కవల జంటల్ని పరీక్షించారు. ఎదుటివారి మనసును గ్రహించడంలో పిల్లల మధ్య కనిపించిన తేడాలకు ఎక్కువగా కారణం పరిసరాలేనని, వంశపారంపర్యం వాటా చాలా తక్కువని వాళ్లు చూపించారు. ఇల్లు ముఖ్యమే. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు వేర్వేరుగా ఎదురయ్యే అనుభవాలూ ముఖ్యమే.

ఇంట్లో ఏది పనిచేస్తుందో తెలుసుకోవడానికి నా దృష్టిలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం వినికిడి లేని పిల్లల నుంచి వచ్చింది. పీటర్సన్, సీగల్ 1995లో ఆస్ట్రేలియాలో గమనించిందేమిటంటే, వినికిడి ఉన్న తల్లిదండ్రులకు పుట్టిన చెవిటి పిల్లలు తెలివితేటల్లో ఎవరికీ తీసిపోకపోయినా మాక్సి కథ లాంటి ప్రశ్నల దగ్గర ఏళ్ల తరబడి వెనకబడతారు. అదే, తల్లిదండ్రులు కూడా చెవిటివాళ్లై పుట్టినప్పటి నుంచి ఇంట్లో సైగల భాష నడిస్తే, ఆ పిల్లలు వినగలిగే పిల్లలతో సమానంగా ఉంటారని ఆ తర్వాతి అధ్యయనాల్లో తేలింది. మొదటి ఇళ్లలో ప్రేమ తక్కువ కాదు. అక్కడి తల్లిదండ్రుల స్వభావాలూ చెడ్డవి కావు. కొరవడింది కంటికి కనిపించనివాటి గురించి మాట్లాడుకోవడం. "బంతి", "రా", "తిను" అని ఎలాగోలా చూపించి చెప్పొచ్చు. "తాతయ్య మర్చిపోయాడు", "అక్క నిన్ను ఆటపట్టిస్తోంది" లాంటివి భాష లేకుండా చెప్పడం చాలా కష్టం. నలుగురూ మాట్లాడుకుంటుంటే చెవిన పడేవీ ఆ పిల్లలకు అందవు.

మామూలు ఇళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. జూడీ డన్ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలకు 33 నెలలు ఉన్నప్పుడు ఇళ్లకు వెళ్లి, అక్కడి మాటలు రికార్డు చేసుకుంది. ఎవరికి ఏమనిపించింది, ఎందుకనిపించింది అని ఎక్కువగా మాట్లాడుకునే ఇళ్లలోని పిల్లలు ఏడు నెలల తర్వాత ఎదుటివారి భావాల్ని, నమ్మకాల్ని మెరుగ్గా గ్రహించారు. "తెలివైన పిల్లలు కాబట్టి తల్లులు వాళ్లతో అలా మాట్లాడుతున్నారేమో" అన్న అనుమానం సహజం. రఫ్‌మన్, స్లేడ్, క్రో 2002లో ఏడాది పాటు తల్లీపిల్లల్ని గమనించి దాన్నీ చూశారు. తల్లి ముందు మాట్లాడిన మాటలు పిల్లల తర్వాతి గ్రహింపును సూచించాయి. పిల్లల ముందరి గ్రహింపు మాత్రం తల్లి తర్వాతి మాటల్ని సూచించలేదు.

ఇక్కడికొచ్చేసరికి మీకు మళ్లీ టెన్షన్ మొదలై ఉంటుంది, "నేను మాట్లాడేదే తక్కువ కదా" అని.

ఎలిజబెత్ మైన్స్ పని మీకోసమే అన్నట్టు ఉంటుంది. తల్లి తన బిడ్డను మనసున్న మనిషిగా ఎంత చూస్తుందన్నది ఆమె పరిశోధన. ఆరు నెలల పిల్లలతో తల్లులు ఆడుకుంటున్నప్పుడు వీడియో తీసి, "నీకు ఆ గిలక నచ్చిందే", "విసుగొచ్చిందా" లాంటి మాటల్ని లెక్కించారు. ఊరికే లెక్కించి వదల్లేదు. ఆ మాట ఆ క్షణంలో బిడ్డ చేస్తున్నదానికి సరిపోయిందా లేదా అని ఒక్కొక్కటీ విడిగా చూశారు. బిడ్డ బంతినే తదేకంగా చూస్తుంటే "నీకు బంతి విసుగొచ్చింది కదూ" అన్న తల్లి మాట సరిపోని మాట. బిడ్డ స్థితికి సరిపోయిన మాటలు ఎక్కువగా అన్న తల్లుల పిల్లలు నాలుగేళ్ల దగ్గర పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని 2002లో ప్రచురించారు. తల్లి మొత్తం ఎంత మాట్లాడిందన్నది ఇక్కడ అసలు కొలత కానే కాదు. మితభాషి అయిన తల్లి బిడ్డను గమనించి అన్న ఒక్క సరైన మాట, గమనించకుండా గలగలా చెప్పిన పది మాటల కంటే విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

మైన్స్ బృందం 2014లో ఇంకో సంగతి చెప్పింది. ఇలా ఎదుటి మనిషి మనసును పట్టించుకుని మాట్లాడే తీరు మనిషిలో ఎప్పుడూ ఒకేలా ఉండే గుణం కాదట. మనకు దగ్గరివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు కనిపించే తీరు, ఎవరో ప్రముఖుల గురించి మాట్లాడేటప్పుడు కనిపించదు. అది సంబంధంలో పుట్టేది. కాబట్టి "నా స్వభావమే ఇంత" అని మీరు చేతులెత్తేయనక్కర్లేదు. ఆఫీసులో, చుట్టాల్లో నోరు విప్పని మనిషి తన బిడ్డ దగ్గర చక్కగా మాట్లాడడం ఎన్నోసార్లు చూశాను.

అయితే మీ ఆందోళన విషయంలో ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లు తమ భయాన్ని బిడ్డ మొహంలో చదువుతారు. పాప కొత్త మనిషిని కుతూహలంగా చూస్తుంటే "భయమేస్తోందా కన్నా?" అని దగ్గరకు లాక్కుంటారు. పాపకు అప్పుడు భయం లేదు. ఇది రోజూ జరిగితే తన లోపల ఉన్నదానికీ దానికి అమ్మ పెట్టే పేరుకూ పొంతన కుదరదు. మైన్స్ సరిపోని మాటలన్నది ఇలాంటివాటినే. దీనికి నేను తల్లులకు చెప్పేది చాలా చిన్న పని. మాట అనేముందు ఒక్కసారి పాప చేతులు, కళ్లు చూడండి. తెలియకపోతే తెలియలేదనే అనండి: "నువ్వు ఆయన్నే చూస్తున్నావు. ఏమనుకుంటున్నావో నాకు తెలియట్లేదు." ఒకరి మనసు ఇంకొకరికి దానంతటదే కనిపించదన్న సంగతి ఈ మాటలో పాపకు తెలుస్తుంది. ఈ వయసులో నేర్చుకోవాల్సిన వాటిలో అదొకటి.

మీ భయాన్ని దాచాల్సిన పని కూడా లేదు, పేరు పెట్టి చెప్తే చాలు. "నాన్న ఇంకా రాలేదని అమ్మకు టెన్షన్‌గా ఉంది. ఏమైందో అనుకుంటున్నా. నీకు టెన్షన్ లేదు కదా, నువ్వు ఆడుకో." ఒకే గదిలో ఇద్దరి మనసులు వేర్వేరుగా ఉండొచ్చని ఈ నాలుగు మాటల్లో ఉంది. పైకి ఏమీ లేదని చెప్తూ మొహం మాడ్చుకుని తిరిగితే, ఏదో ఉందని పాపకు తెలుస్తుంది, ఏముందో తెలియదు. అదే పిల్లల్ని ఎక్కువ కంగారుపెడుతుంది. మీ ఆందోళన నిద్రనూ పనినీ చెడగొట్టేంతగా ఉంటే డాక్టర్‌ను కలవండి, పాప కోసమని కాదు, మీ కోసం.

ఇప్పుడు మీవారి కోపం. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇళ్లలో ఎక్కువ నష్టం జరిగేదీ, అంతకంటే ఎక్కువ మేలు చేసుకోగలిగేదీ ఇక్కడే.

కోపం రాని మనిషి లేడు. పిల్లలు కోపాన్ని చూడకుండా పెరగరు, పెరగాల్సిన అవసరమూ లేదు. కారణం తెలియని కోపంతోనే చిక్కు. సేత్ పొలాక్, పవన్ సిన్హా 2002లో చేసిన ప్రయోగంలో పిల్లలకు మసకగా ఉన్న మొహాల ఫోటోలు చూపించి, మెల్లగా స్పష్టం చేస్తూ వెళ్లారు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలు కోపంగా ఉన్న మొహాన్ని మిగతా పిల్లలకంటే ముందే, చాలా తక్కువ ఆనవాళ్లతోనే పసిగట్టారు. మీ ఇంట్లో అలాంటి పరిస్థితి ఉందని నేననడం లేదు. ఆ ప్రయోగం చెప్పేది మాత్రం అన్ని ఇళ్లకూ వర్తిస్తుంది: పిల్లలు తమ క్షేమానికి ఏది అవసరమో దాన్నే ముందు నేర్చుకుంటారు. ఎప్పుడు ఎందుకు అరుస్తారో తెలియని ఇంట్లో బిడ్డ మొహాల్ని చదవడంలో ఆరితేరుతుంది. ఆ మొహం వెనక ఉన్న ఆలోచనను తెలుసుకునే తీరిక, ధైర్యం దానికి ఉండవు.

కాబట్టి మీవారిని కోపం మానుకోమని పోరడం కంటే, కోపం దిగాక పాపతో రెండు మాటలు మాట్లాడమని అడగండి. పాప పాలు ఒలకబోసింది, ఆయన అరిచారు అనుకుందాం. కాసేపయ్యాక పాప పక్కన కూర్చుని ఇలా అనొచ్చు: "నువ్వు కావాలని పారబోశావని అనుకున్నాను. అందుకే కోపమొచ్చింది. నీ చెయ్యి జారిందని తర్వాత తెలిసింది. నేను అనుకున్నది తప్పు." ఈ మాటల్లో ఉన్నది మాక్సి కథే కదా! ఒక మనిషికి తప్పు నమ్మకం కలిగింది, ఆ నమ్మకం వల్ల ఒక భావం పుట్టింది, నిజం తెలిశాక ఆ నమ్మకం మారింది. పరిశోధకులు బొమ్మలు పెట్టి కథ కట్టి అడిగేదాన్ని, పాప తన సొంత అనుభవంలో, తాను అందరికంటే ఎక్కువగా గమనించే మనిషి నోటి నుంచి వింటోంది. ఇంతకంటే మంచి పాఠం ఏ తరగతి గదిలోనూ దొరకదు. త్వరగా కోపమొచ్చి, త్వరగా దిగి, మనసులో ఉన్నది దాచకుండా చెప్పే తండ్రి ఈ పని చాలా బాగా చేయగలడు.

క్షమాపణ ఒక్కటే చెప్పి వదిలేస్తే ఇందులో సగమే దక్కుతుంది. "సారీ నాన్నా" అంటే పాపకు ఊరట కలుగుతుంది, అది కావాలి కూడా. కానీ కోపం ఎందుకొచ్చిందో, అప్పుడు ఏమనుకున్నాడో తెలియకపోతే కోపం పాపకు వానలాంటిదే, వస్తుంది, పోతుంది.

పాప తప్పు చేసినప్పుడు మాట్లాడే తీరు గురించీ ఒక ఆధారం ఉంది. రఫ్‌మన్, పెర్నర్, పార్కిన్ 1999లో తల్లుల్ని అడిగారు: మీ పిల్లలు ఇంకొకర్ని ఏడిపిస్తే ఏం చేస్తారని. అవతలి పిల్లకు ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించమని తమ బిడ్డకు చెప్పే తల్లుల పిల్లలు, ఊరికే తిట్టే లేదా శిక్షించే తల్లుల పిల్లలకంటే ఇలాంటి పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. ఈసారి బొమ్మ లాక్కున్నప్పుడు ముందు బొమ్మ తిరిగి ఇప్పించండి, అది మాటలకోసం ఆగకూడదు. తర్వాత, "ఆ బొమ్మ తనకే ఉంటుందనుకుంది. నువ్వు తీసుకునేసరికి బెదిరిపోయింది. నీకూ కావాలనిపించింది, అది నాకు తెలుసు." ఇంతే. "ఇప్పుడు ఆ పాపకు ఎలా ఉంటుందో చెప్పు, చెప్పు" అని నిలదీయకండి. ఏడుస్తున్న పిల్ల ముందు నిలబెట్టి పరీక్ష పెడితే బిడ్డకు సిగ్గు తప్ప ఏమీ మిగలదు.

ఏ మాటలు వాడాలన్నది వయసును బట్టి మారుతుంది. టౌమోపియో, రఫ్‌మన్ చూసినదాన్ని బట్టి ఏడాది దాటిన పిల్లలకు "కావాలి, ఇష్టం, వద్దు" లాంటి కోరికల మాటలు ఉపయోగపడతాయి. రెండేళ్లు నిండాక "అనుకోవడం, తెలియడం" లాంటివి పనికొస్తాయి. మీ పాపకు ఇప్పుడు గుర్తుండడం, మర్చిపోవడం, పొరబడడం, నటించడం, ఊహించడం అన్నీ కావాలి. వీటికోసం ప్రత్యేకంగా సమయం కేటాయించాల్సిన పని లేదు. తాళంచెవి కనపడకపోతే "టేబుల్ మీదే పెట్టాననుకున్నా, నాన్న తీసినట్టున్నాడు" అని పైకి అనండి చాలు. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు, కథలో కుందేలుకు తెలియని సంగతి పాపకు తెలిసే చోట ఒక్క నిమిషం ఆగండి. మీలాంటి మితభాషులకు పుస్తకం మంచి తోడు. మాటలు వెతుక్కోనక్కర్లేదు.

మీవారి కలివిడితనం కూడా ఇక్కడ పనికొస్తుంది. దాగుడుమూతలు, ఉత్తుత్తి టీ కాచడం, ఖాళీ పెట్టెలో ఏదో ఉందని ఊరించడం తండ్రులు ఉత్సాహంగా ఆడతారు. ఉత్తుత్తి ఆటలో నిజం ఒకటి, అనుకున్నది ఇంకొకటి. పాప ఆ రెంటినీ ఒకేసారి పట్టుకోవాలి. ఒకే పని మీద మీరిద్దరూ రెండు రకాలుగా స్పందించడం కూడా పాపకు లాభమే, ఆ తేడాను మాటల్లో పెడితే. "నాన్నకు ఈ గోల సరదాగా ఉంది. నాకేమో తలనొప్పిగా ఉంది." భార్యాభర్తల స్వభావాలు కలవలేదని బాధపడేవాళ్లకు నేను ఇదే చెప్తాను. ఇద్దరూ ఒకేలా ఆలోచించే ఇంట్లో మనసులు వేరని బిడ్డకు తెలియడానికి అవకాశాలు తక్కువ.

పాపకు తోబుట్టువులు లేకపోయినా దిగులు పడకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న పిల్లలు ఈ పరీక్షల్లో కాస్త ముందుంటారని 1994లో పెర్నర్ బృందం చెప్పింది. ఆ తేడా చిన్నదే. తోటి పిల్లలతో ఆడుకునే అవకాశం ఉంటే సరిపోతుంది.

అన్ని సమాజాల్లో ఈ దారి ఒకేలా ఉండదని కూడా తెలుసుకోండి. అమెరికా, ఆస్ట్రేలియా పిల్లలు ఒకే విషయం మీద ఇద్దరికి వేర్వేరు అభిప్రాయాలు ఉండొచ్చన్నది ముందు గ్రహిస్తే, చైనా, ఇరాన్ పిల్లలు ఎవరికి ఏది తెలుసు, ఏది తెలియదన్నది ముందు గ్రహిస్తారు. పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి విలువిచ్చే ఇళ్లలో ఇలా జరగడం సహజమని పరిశోధకులు భావించారు. 2005లో కెనడా, భారత్, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ పిల్లల్ని పరీక్షించిన క్యాలహన్ బృందం అన్నిచోట్లా దాదాపు ఐదేళ్లకల్లా పిల్లలు తప్పు నమ్మకాన్ని గ్రహిస్తున్నారని చూపించింది. తల్లిదండ్రులు ఎన్నో రకాలుగా ఉంటారు, పిల్లలు మాత్రం అక్కడికి చేరుకుంటూనే ఉన్నారు.

ఈ గ్రహింపునే మంచితనం అనుకునే పొరపాటు చాలామంది చేస్తారు. సటన్, స్మిత్, స్వెటెన్‌హామ్ 1999లో తోటి పిల్లల్ని ఏడిపించే ముఠాలకు నాయకత్వం వహించే పిల్లల్ని పరీక్షిస్తే, వాళ్లు ఎదుటివారి మనసును చదవడంలో దిట్టలని తేలింది. ఎక్కడ గుచ్చితే నొప్పెడుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఇంకో వైపు, ఈ గ్రహింపు బాగా ఉన్న పిల్లలు టీచర్ విమర్శిస్తే ఎక్కువ నొచ్చుకుంటారని కటింగ్, డన్ 2002లో గమనించారు. ఈ వయసులో మొదటి అబద్ధాలు కూడా దీనితోపాటే వస్తాయి. ఎదుటివాళ్లకు నిజం తెలియదని తెలిస్తేనే కదా అబద్ధం ఆడగలిగేది. పాప ఒకరోజు చాక్లెట్ మూతికి పూసుకుని "నేను తినలేదు" అంటే కంగారుపడకండి. ఎదుటివారి మనసు తెలిశాక ఆ తెలివితో ఏం చేస్తుందన్నది ఇంట్లోని ఆప్యాయత మీద, పెద్దవాళ్లు బలహీనుల పట్ల ప్రవర్తించే తీరు మీద ఆధారపడుతుంది. నెమ్మదైన తల్లిగా ఆ వైపు మీ దగ్గర చాలా బలం ఉందని నాకనిపిస్తోంది.

పాప సొంత స్వభావాన్ని కూడా మర్చిపోకండి. వెల్‌మన్, ఆయన సహచరులు 2011లో చెప్పినదాని ప్రకారం దుడుకుతనం తక్కువగా ఉండి, కాస్త వెనక్కి నిలబడి గమనించే పిల్లలు ఈ గ్రహింపులో ముందుంటారు. వింతగా చూస్తూ నిలబడే పిల్ల గురించి మీరు రాసింది చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

చివరగా, డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలో చెప్తాను. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్లలో కళ్లు పెట్టి చూడకపోవడం, తనకు నచ్చినదాన్ని వేలితో చూపించి మీరు కూడా చూశారా లేదా అని మీ వైపు తిరగకపోవడం, ఉత్తుత్తి ఆటలు అసలే ఆడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. మాటలు బాగా ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ ఆటిజం (ఇతరులతో కలవడం, మాట్లాడడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) ఉన్న ఇరవై మంది పిల్లలకు మాక్సి కథలాంటిదే ఒక పరీక్ష పెడితే పదహారు మంది దాటలేకపోయారు. కానీ ఆటిజం తల్లిదండ్రుల స్వభావం వల్ల రాదు. తల్లి మనసులో ప్రేమ లేకపోవడమే దానికి కారణమని ఒకప్పుడు పేరున్న నిపుణులే చెప్పి, ఎంతోమంది తల్లుల్ని ఏళ్ల తరబడి ఏడిపించారు. బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దాన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు. ఆ నింద ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వినిపిస్తోంది. ఎవరైనా మీతో అలా అంటే నమ్మకండి.

మీరు రాసినదాంట్లో పైన చెప్పిన లక్షణాలేవీ నాకు కనిపించలేదు. పాప ఆడుతోంది, తోటి పిల్లల దగ్గరకు వెళ్తోంది, వాళ్లు ఏడిస్తే ఆగి చూస్తోంది. మీవారితో పాల గ్లాసు ఉదాహరణ ఒక్కసారి మాట్లాడి చూడండి. ఆయన ఒప్పుకోకపోతే కొన్నాళ్లు మీరే ఆయన తరఫున పాపకు చెప్పండి: "నాన్న అలా అనుకున్నాడు, అందుకే అరిచాడు." మీరు చెప్పింది ఆయన చెవిన కూడా పడుతుంది.